అతికించిన రెండు పేజీలు

“చంపలేదంటావు. సరే, నీ మాటే నిజమనుకుందాం. మరి ఆ రెండు కాగితాలూ ఏవి?”

ఇన్‌స్పెక్టరు ఆ ప్రశ్న అడగడం పొద్దుట్నుంచి ఎన్నోసారో కుర్చీలో కూర్చున్న ఆమెకు లెక్క తప్పింది. ఆ పుస్తక ప్రచురణ ఆఫీసు గుమ్మంలో నిలబడి వింటున్న డిటెక్టివ్ మాత్రం, తను మెట్లెక్కి వచ్చాక ఇది మూడోసారి అని మనసులో వేసుకున్నాడు.

ఆ డిటెక్టివ్‌ని ఊరంతా నిదానంగారంటుంది. అసలు పేరు ఆఫీసు బోర్డు మీద ఉంది గానీ, దాన్ని పనిగట్టుకుని చదివినవాళ్లు లేరు. మెట్లు నిదానంగా ఎక్కుతాడు. టీ నిదానంగా తాగుతాడు. అడిగినదానికి జవాబు వచ్చాక కూడా ఇంకా ఏదో రావాలన్నట్టు కాసేపు ఊరుకుంటాడు. తప్పు చేసినవాళ్లకి ఆ ఊరుకోవడమే ప్రాణాంతకం.

“ఏ కాగితాలు?” అన్నాడు లోపలికి వస్తూ.

ఇన్‌స్పెక్టరు తల తిప్పాడు. “మీరా! అప్పుడే వచ్చేశారేం? కేసు తేలి, శిక్ష పడి, ఈవిడ జైలు నుంచి తిరిగొచ్చే రోజుకి వస్తారనుకున్నానే!”

“దారిలో రద్దీ లేదు.”

“ఎవరు పిలిచారు?”

“ఈ అమ్మాయి అన్నయ్య. గేటు బయట నిలబడి ఏడుస్తున్నాడు. చెల్లెలు రాసేదంతా పొయ్యిలో పెట్టమన్న మనిషే, ఇవాళ నా రెండు చేతులూ పట్టుకున్నాడు.”

ఆమె కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే మనిషి. పగలంతా పరాయివాళ్ల చూపు సరిచేసి, ఇంటికొచ్చి తన చూపు పాడుచేసుకుంటూ నవలలు రాస్తుంది. ఈ ప్రచురణ సంస్థ ఏటేటా కొత్త రచయితలకు నవలల పోటీ పెడుతుంది. రాయడం వచ్చినవాళ్లకీ, వచ్చనుకునేవాళ్లకీ కూడా ఊళ్లో ఉన్న తలుపు ఇదొక్కటే. ఆమె ఇప్పటికి ఏడుసార్లు ఆ తలుపు తట్టింది. ఈసారి లోపలికి రానిచ్చినవాళ్లు బయటికి పోనివ్వడం లేదు.

“వినండి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు, చిన్నపిల్లాడికి పాఠం చెప్పే ధోరణిలో. “నిన్న సాయంత్రం అయిదున్నరకి ఈవిడ వచ్చింది. ఇక్కడి సంపాదకుడితో గొడవ పడింది. యజమాని చెవులారా విన్నాడు. ఆరింటికి ఆయన ఇంటికెళ్లాడు. ఎనిమిదింటికి వాచ్‌మన్ లైట్లార్పడానికొస్తే సంపాదకుడు అదిగో, వెనక్కి పంపాల్సిన నవలలు పడేసే ఆ తిరుగు గదిలో పడి ఉన్నాడు. తల మీద ఇనప స్టూలు దెబ్బ. ఈవిడ బయటికెళ్లడం చూసిన నరపురుగు లేదు. ఒంటిగంటకి జీపు వస్తుంది, ఎక్కిస్తాను. ఇందులో మీరు నిదానంగా తేల్చాల్సింది ఏముంది?”

“జీపు ఒంటిగంటదాకా ఎందుకాగాలి? స్టేషను రెండు వీధుల అవతలేగా.”

“కాగితాలు దొరకాలి. ఈవిడ నవల కట్టలోంచి రెండు కాగితాలు పోయాయి. హత్యకి కారణం వాటిలోనే ఉంది.”

“కట్ట చదివారా?”

“నేనా? నవలలా?” ఇన్‌స్పెక్టరు నవ్వాడు. “ఆ జబ్బు నాకు లేదు. కట్టిన తాడు కట్టినట్టే రాత్రే సీలు వేయించి స్టేషనుకి పంపేశాను. నేను చదివేవి ఫిర్యాదులు, రాసేవి రిపోర్టులు. అంతే.”

నిదానం గోడ గడియారం వైపు చూశాడు. పన్నెండు కావస్తోంది. హాల్లో ఆఫీసువాళ్లంతా పొద్దున వచ్చినవాళ్లు వచ్చినట్టే బల్లల ముందు బిగదీసుకు కూర్చున్నారు. వీధి తలుపుకి తాళం. దాని ముందు పోలీసు. ప్రతి సొరుగూ మూడేసి సార్లు తిరగేశారట. ఫోను దగ్గరికి కూడా ఎవరినీ పోనివ్వడం లేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అన్నట్టుంది వాళ్ల పని.

యజమాని తన గదిలో రుమాలుతో మెడ తుడుచుకుంటూ ఉన్నాడు. నిదానం ఎదురుగా కూర్చోగానే అడక్కుండానే మొదలుపెట్టాడు.

“గొడవంటే గొడవేనండీ. ఈ ఏడు ప్రైజొచ్చిన నవల మొదటి భాగం పోయిన వారం మా పత్రికలో వేశాం. అది తన నవలేనంటుంది ఈవిడ! అక్షరం పొల్లుపోకుండా తనదేనట!”

“ప్రైజు ఎవరికొచ్చింది?”

“కలం పేరే తెలుసండీ. అసలు పేరు సీలు వేసిన కవర్లో ఉంటుంది. సభలో అందరి ముందూ విప్పుతాం. ఇంకా నెలుంది.”

“ఈవిడ నవల మీ దగ్గరికి ఎప్పుడొచ్చింది?”

“పోయినేడండీ. ఆ ఏడే మా కర్మ కాలి దొంగలు పడ్డారు. ఫ్యాన్లతో పాటు, వచ్చిన పార్సెళ్లు వచ్చినట్టే ఉన్న గోతాలు కూడా ఎత్తుకుపోయారు. ఏదో బంగారం ఉంటుందనుకుని ఉంటారు పాపం. విప్పితే రెండొందల నవలలు! నాకు ఆ దొంగల మీదే జాలేసింది.” నవ్వబోయి, ఇవాళ నవ్వే రోజు కాదని గుర్తొచ్చి ఆగాడు. “ఈ ఇన్‌స్పెక్టరుగారే పట్టుకున్నారు. కేసు సొత్తు కదా, మూడు నెలలు స్టేషన్లో ఉంచి, సీళ్లు వేసి మరీ పంపారు. అప్పటికి పోటీ రద్దయిపోయింది. గోతాలు తిరుగు గదిలో పడేశాం.”

“ఆ సీళ్లు ఎప్పుడు తీశారు?”

“తీసిందెక్కడండీ! వెనక్కి పంపాలి, పంపాలి అనుకుంటూనే ఏడాది గడిచిపోయింది. నిన్న ఈవిడ కట్ట కోసం సంపాదకుడుగారే ఒక గోతాం విప్పారు. కాసేపటికి నా గదిలోకొచ్చి, ‘మీరు వెళ్లండి, నేను స్టేషనుకి ఫోన్ చేయాలి’ అన్నారు. ఈవిడ మీద ఫిర్యాదేమో అనుకుని వెళ్లిపోయాను. ఉండిపోయినా బాగుండేది.” ఈసారి రుమాలు కళ్ల దాకా వెళ్లింది.

“ఫోను రాలేదు.” ఇన్‌స్పెక్టరు ఎప్పుడొచ్చాడో గుమ్మానికి ఆనుకుని ఉన్నాడు. “చెయ్యబోతుంటే ఈవిడ కొట్టింది. నా కేసుకి మీరే మేకు దిగ్గొట్టారు. థాంక్స్.”

“ఆవిడతో పది నిమిషాలు మాట్లాడాలి,” అన్నాడు నిదానం. “ఆ తిరుగు గదిలో.”

“దేనికి?”

“మీరు మూడుసార్లు వెతికించారుగా. నాలుగోసారి ఎవరైనా ఊరికే చేసిపెడతానంటే కాదంటారేం?”

ఇన్‌స్పెక్టరు ఒక్క క్షణం ఆలోచించాడు. కళ్లలో ఏదో ఆశ మెరిసింది. “పది నిమిషాలు. తలుపు తీసే ఉండాలి.”

వెళుతూ నిదానం సంపాదకుడి బల్ల దగ్గర ఆగాడు. తప్పులు దిద్దడానికి ప్రెస్సు నుంచి వచ్చిన ప్రైజు నవల ప్రూఫులు అక్కడే ఉన్నాయి. తిరగేస్తూ పోతే ఒకచోట అచ్చులో ఇలా ఉంది: “సదరు వృద్ధునికి నాటి నుండి కంటిచూపు లోపించెను.” ముందూ వెనకా నీళ్లలా సాగిపోతున్న కథలో ఆ ఒక్క వాక్యం పంటి కింద రాయిలా తగిలింది. పక్కన సంపాదకుడు పెన్సిలుతో గీత గీసి రాసుకున్నాడు: “చూపు ఎలా పోయింది? ఎప్పుడు? రచయితను అడగాలి.”

తిరుగు గదికి కిటికీ లేదు. మూడు వైపులా ఇనప అలమరాలు, వాటి నిండా తాళ్లతో కట్టిన కట్టలు. ప్రతి కట్ట మీదా రాసినవాళ్లే తమ చిరునామా రాసి, స్టాంపులు అంటించి ఇచ్చిన కవరు. తమను వెనక్కి పంపించే ఖర్చు కూడా తామే పెట్టుకుని పంపిన నవలలవి. మధ్యలో ఒక చిన్న బల్ల, లైటు. నేల మీద చాక్‌పీసుతో గీసిన మనిషి ఆకారం. ఆమె దాని వంక చూడలేక గోడ వైపు తిరిగి నిలబడింది.

“నిన్న ఏం జరిగిందో చెప్పమ్మా. ఏదీ దాచకు.”

“దాస్తే అబద్ధం, చెప్తే నేరం. ముందు నుయ్యి వెనక గొయ్యి. ఏం చెప్పను బాబాయిగారూ?”

“జరిగింది.”

“పత్రికలో నా కథ చూసి పిచ్చిదాన్నయిపోయాను. పరుగెత్తుకొచ్చి, ఈయనే దొంగ అనుకుని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన కోప్పడలేదు. గోతాం విప్పి నా కట్ట తీసి ఈ బల్ల మీద పెట్టారు. నేను నడిమికి తిప్పి చూశాను. నా జిగురు జిగురులానే ఉంది.”

“జిగురా?”

ఆమె సిగ్గుపడింది. అంత కష్టంలోనూ. “నేను పంపే ప్రతి నవల్లో ఒకచోట రెండు పేజీలు ఎదురెదురుగా అతికిస్తాను. అంచున చిన్న చుక్క. చదివేవాళ్లు వేలుపెట్టి తీస్తే ఊడొస్తుంది. తిరిగొచ్చినప్పుడు అతుకు అలాగే ఉంటే ఎవరూ చదవలేదని అర్థం. ఏడుసార్లూ అలాగే ఉంది.”

నిదానం పక్కున నవ్వాడు. పొద్దుట్నుంచి ఆ భవనంలో వినిపించిన మొదటి నవ్వు అదే. “నేను తలవెంట్రుక పెట్టేవాణ్ణి.”

“మీరా?”

“వయసులో ఉన్నప్పుడు కథలు రాశాను లేమ్మా. పెట్టిన వెంట్రుక పెట్టినచోటే ఉండి తిరిగొచ్చేది. నా జీవితంలో మొట్టమొదటి పరిశోధన అదే. అందులో నేరస్థుడు దొరికాడు గానీ శిక్ష నాకు పడింది.” మళ్లీ ముఖం గంభీరమైంది. “తర్వాత?”

“ఆయన ముందే తలపిన్నుతో ఆ పేజీలు విడదీశాను. ఆయన నిలబడే చదివారు. చదివి కూర్చుండిపోయారు. ‘ఇన్నాళ్లూ ఈ గదిలో ఏముందో చూడని పాపం నాదమ్మా, క్షమించు’ అన్నారు. ఇన్నేళ్లలో ఈ ఆఫీసు నుంచి నాకు ‘ప్రచురించలేం’ అనే అచ్చుకాగితం తప్ప మాట రాలేదు బాబాయిగారూ! ఏడుపు ఆగలేదు. ఆ ముఖంతో హాల్లోంచి పోలేక వెనక మెట్ల మీదుగా వెళ్లాను. అప్పటికి ఇంకా ఆరు కాలేదు. కట్ట, ఆ రెండు కాగితాలు ఆయన దగ్గరే వదిలేశాను. రేపు పొద్దున రమ్మన్నారు.”

“ఆ రెండు కాగితాల సంగతి ఇన్‌స్పెక్టరుకి నువ్వే చెప్పావా?”

“లేదు. తెల్లవారకముందే ఇంటికొచ్చి తలుపు తట్టారు. తియ్యగానే మొదటి మాటే అది. ‘ఆ రెండు కాగితాలేవి?’ అని.”

“నీ పేజీలకి అంకెలు వేస్తావా?”

“వెయ్యను. వేస్తే ఇంకా ఎన్నున్నాయో అని చివరికి తిప్పి చూస్తారు.”

నిదానం మనసులో ఒక్కొక్కటే పేర్చుకున్నాడు. అంకెల్లేని కట్ట. తాడు విప్పలేదన్న మనిషి. లోపల సరిగ్గా రెండు కాగితాలు లేవని అతనికి ఎవరు చెప్పారు? చెప్పగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. అతని ఆకారం ఈ నేల మీద చాక్‌పీసు గీతల్లో ఉంది.

గది హఠాత్తుగా ఇంకా ఇరుకైనట్టు అనిపించింది. అయినా అలవాటు మానకుండా నిదానంగా చుట్టూ చూశాడు. కాగితాలు ఇక్కడే ఉండాలి. ఎవరైనా దాచే చోట్లన్నీ పోలీసులు వెతికారు. సంపాదకుడికి దాచాల్సిన అవసరమే లేదు కదా! అతను దొంగ కాదు. జీవితమంతా రాతలు దిద్దిన మనిషి. ప్రైజు నవల్లో ఉన్న గొయ్యి ఏమిటో అర్థమయ్యాక అతని చేతులు మొదట ఏం చేసి ఉంటాయి?

అలమరా పక్కన మేకుకి క్లిప్పుతో ఇంకో ప్రూఫుల కట్ట వేలాడుతోంది. ప్రెస్సుకి వెనక్కి వెళ్లాల్సిన కాపీ. ప్రతి నవలకీ ప్రూఫులు రెండు కాపీలు వస్తాయి. ఒకటి చూసుకోవడానికి, ఇంకోటి దిద్దుబాట్లు ఎక్కించి పంపడానికి. బల్ల మీదిది చూసిన పోలీసులకి ఇదీ అదేననిపించి ఉంటుంది. నిదానం దాన్ని చేతిలోకి తీసుకుని అంచు వెంట బొటనవేలు జార్చాడు. నడుమ ఒకచోట ఉబ్బుగా ఉంది.

తెరిచాడు. “సదరు వృద్ధునికి” అన్న వాక్యాన్ని ఎర్ర సిరా అడ్డంగా కొట్టేసింది. ఆ పక్కన మార్జిన్లో, అచ్చాఫీసుల్లో కొత్త రాత చేర్చే పద్ధతిలోనే, చేతిరాత కాగితాలు రెండు అంచున అతికించి లోపలికి మడిచి ఉన్నాయి. చనిపోయే ముందు ఆ ముసలి సంపాదకుడు చేసిన ఆఖరి పని, తప్పిపోయిన రెండు పేజీల్ని తీసుకొచ్చి వాటి చోట్లో కూర్చోబెట్టడం.

“ఇవేనా?”

ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది.

నిదానం వాటిని అంచున ఊడదీసి చదివాడు. ఫ్యాక్టరీ మంటల్లో ముఖం కాలిపోయిన కొడుకు ఇంటికి తిరిగొస్తాడు. గది తలుపు వేసుకుంటాడు. ఎవరి ముందుకీ రాడు. తిండి గుమ్మం దగ్గర పెట్టాల్సిందే. ఒకరోజు తండ్రి గోడ తడుముకుంటూ, కావాలని గడప తట్టుకుని పడి, “నాకు చూపు పోయిందిరా, లేవదియ్యి” అంటాడు. ఆ రాత్రి కొడుకు తండ్రికి ఎదురుగా కూర్చుని అన్నం తింటాడు. ముసలాయన కళ్లకి ఏమీ కాలేదు. కొడుకు ముఖంలో ప్రతి మచ్చా కనిపిస్తూనే ఉంది. కనిపించనట్టు బతకడానికి ఆ పూటే నిర్ణయించుకున్నాడు. నవల చివరిదాకా ఆ గుడ్డితనమంతా ఉత్తుత్తిదే. ఈ రెండు పేజీలు చదవని వాడికి అది నిజం.

నిదానం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తన కళ్లు తడిసిన సంగతి ఒప్పుకోవడానికి అతనికేమీ నామోషీ లేదు.

“ఇక్కడే ఎందుకు అతికించావమ్మా?”

“నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. నిజంగా చదువుతున్నవాళ్లు ఇక్కడ ఆగలేరనుకున్నాను. విడదీసి చూస్తారనుకున్నాను.”

“నీ నవల ఎత్తి రాసినవాడు విడదీయలేదు. ఒక కాగితం ఎక్కడో పోయిందనుకున్నాడు. దొంగలు ఎత్తుకుపోయిన గోతాం కదా! తనకి అలవాటైన భాషలో ఒక వాక్యం రాసి గొయ్యి పూడ్చాడు.” గొంతు తగ్గించాడు. “దొంగతనానికి ముందు ఆ గోతాం ఎవరూ విప్పలేదు. తిరిగొచ్చాక సీలు నిన్నటిదాకా ఊడలేదు. మధ్యలో మూడు నెలలు ఉన్న చోటు ఒక్కటే. కంచే చేను మేసిందమ్మా. సంపాదకుడు కూడా అక్కడిదాకా వచ్చాడు. ‘ఈ కట్ట మీ దగ్గర ఉన్నప్పుడు ఎవరు చూశారు సార్?’ అని అడగడానికి పాపం సరిగ్గా...”

బూట్ల చప్పుడు.

“జీపొచ్చింది,” అంటూ ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడ్డాడు. వెనకే ఉన్న మహిళా కానిస్టేబుల్‌తో, “నువ్వు కిందికి పద. వాళ్లందరినీ భోజనాలకి వదిలెయ్. హాలు ఖాళీ చెయ్యి,” అన్నాడు. కానిస్టేబుల్ వెళ్లింది. హాల్లో కుర్చీలు జరిగిన మోత, బతుకు జీవుడా అంటూ మెట్లు దిగుతున్న అడుగులు. అప్పుడు అతని చూపు నిదానం చేతిలోని కాగితాల మీద పడింది.

“దొరికాయా!”

“దొరికాయి.”

“చదివారా?”

“చదివాను.”

ఇన్‌స్పెక్టరు లోపలికి అడుగేశాడు. పొద్దుట్నుంచి ఉన్న వెటకారం ముఖం మీంచి జారిపోయింది. దాని కింద మరో మనిషి ఉన్నాడు. ఏడాదిగా ఒకే చోట ముల్లు గుచ్చుకున్నట్టు తిరుగుతున్న మనిషి. “ఏముంది అందులో?”

నిదానం కాగితాలు మడిచి ఊరుకున్నాడు.

“చెప్పండి! అసలా ముసలాయనకి చూపు ఎలా పోయింది?”

అన్నాక గానీ అతనికి తెలియలేదు ఏమన్నాడో.

ఈ పొద్దుటి నుంచి ఈ భవనంలో ఎవరూ అతని ముందు ముసలాయన మాట ఎత్తలేదు. చూపు మాట అసలే లేదు. పైగా నవలలు చదివే జబ్బు తనకి లేదన్నవాడు. నిదానం కదలకుండా చూస్తూ ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు తప్పించుకోవడానికి ఒక అబద్ధం వెతుక్కున్నాడు, దొరకలేదు.

ఆమె నెమ్మదిగా గోడ దగ్గర్నుంచి ముందుకొచ్చింది. నిదానం చేతిలోంచి కాగితాలు తీసుకుని గుండెకి హత్తుకుంది.

“ఏడు నవలలు రాశానండీ. తర్వాత ఏమైందని నన్ను ఒక్కళ్లంటే ఒక్కళ్లు అడగలేదు. మా అన్నయ్య అడగలేదు, ఈ ఆఫీసు అడగలేదు. నా పుట్టుకలో మొట్టమొదట అడిగింది మీరే.” ఆమె కళ్ల నుంచి నీళ్లు ధారగా కారాయి. “మీకు మాత్రం చెప్పను.”

ఇన్‌స్పెక్టరు కుడిచెయ్యి నడుము దగ్గరి పిస్తోలు తోలు సంచి మీదికి వెళ్లింది. ఎడంచేత్తో, వెనక్కి చూడకుండానే, తలుపు మూసి గడియ పెట్టాడు.